నాలుగవ దినమున వచ్చిన బస్సు

మెదక్
12 నవంబర్ 2024, మంగళవారం

గాబ్రియేలు బావకు,

ప్రెస్సు మసి అంటిన చేతులతోనే మోసెస్ రాస్తున్నాడు. కాగితం మీద మరకలుంటే తిట్టుకోకు.

యాకోబు ఆటోలో నువ్వు పంపిన సంఘం క్యాలెండర్ కాగితాలు అందాయి. ప్రూఫ్ తీసి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. తప్పులుంటే ఎర్ర పెన్నుతో గీయి. పోయినేడు లాగా ప్రూఫు మీద ప్రార్థన చేసి తిప్పి పంపకు. అచ్చుతప్పులు ప్రార్థనకు పోవు.

మా నవోమి అక్క కన్ను ఎట్లుంది? కుడి కంటి పొర బాగా ముదిరిందని, క్రిస్మస్ దాటనివ్వొద్దని కంటి శిబిరానికి వచ్చిన డాక్టరు అన్నాడని రాశావు. పట్నం కంటి దవాఖాన బస్సు రాళ్లకుంటకు ఏ రోజు వస్తుందో తెలియగానే రాయి. నువ్వు మీ ఊరి చర్చికి ఉపదేశివి, పండుగ నెలలో గుడి విడిచి రాలేవు. అక్కకు తోడు నేను పోతానని మాటిచ్చాను, పోతాను.

ఇక అసలు సంగతి. మొన్న రఘుపతి సిద్ధాంతి తన పంచాంగం కరపత్రం అచ్చుకు వచ్చాడు. కూర్చుంటే లేచే మనిషి కాదు. చాయ్ తెప్పించి గెలికాను. “పంతులూ, ఆదివారం ఎనుక సోమవారమే ఎందుకు రావాలె? శుక్రవారం వస్తే ఏం పోతది?”

ఆయన చెప్పింది నీకు మీ ఊరి బోరు లెక్కలో చెప్తాను. ఏడుగురు రైతులకు ఒకటే బోరు. గంటకొకరి వంతు. ఆ ఏడుగురు శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. ఆకాశంలో అందరికంటే మెల్లగా నడిచే శనితో మొదలుపెట్టి పేర్చిన వరుస అది. మూడు చుట్లు తిరిగితే ఇరవై ఒక్క గంటలు. రోజుకు ఇంకా మూడు గంటలు మిగులుతాయి, ముగ్గురు తడుపుకుంటారు. తెల్లారి మోటరు నాలుగోవాడిది. పొద్దున మొదటి గంట ఎవరిదో ఆ రోజంతా వాడి పేరు. శని నుంచి నాలుగోవాడు సూర్యుడు, అందుకే శనివారం తర్వాత ఆదివారం. సూర్యుని నుంచి నాలుగోవాడు చంద్రుడు, సోమవారం. చంద్రుని నుంచి లెక్కపెడితే కుజుడు, ఆయన్నే మంగళుడంటారు. వేళ్ల మీద పెట్టి చూడు, ఎక్కడా తప్పదు. ఆ గంటను హోర అంటారట. ఆ మాట మనదేనా అని నిలదీస్తే, గ్రీకు దేశం నుంచి వచ్చిందంటారని గొంతు తగ్గించి ఒప్పుకున్నాడు.

ఇప్పుడు చెప్పు బావా. ముప్పై ఏళ్లుగా పీఠం ఎక్కి “ఆదివారం ఆరాధనకు రాండ్రి” అంటున్నావు. సూర్యుని పేరిట పిలుస్తున్నావు. స్త్రీల కూటం బుధుని ఇంట్లో, ఉపవాస ప్రార్థన శుక్రుని ఇంట్లో. పక్కింటి బాలనర్సమ్మ ఏడుపాయల అమ్మవారి గుడికి పోయి తెచ్చిన ప్రసాదం చేత్తో ముట్టనివాడివి, వారానికి ఏడుగురిని నోటితో మొక్కుతున్నావు. నాకేం, నేను పదో తరగతి తప్పినవాణ్ని. నువ్వు చదివినవాడివి, ఆలోచించు.

అక్కకు కంట్లో చుక్కలు మరవొద్దని చెప్పు.

నీ బామ్మర్ది,
మోసెస్

*

రాళ్లకుంట, శంకరంపేట మండలం
15-11-2024, ఆరవ దినము

మోసెస్‌కు గాబ్రియేలు వ్రాయునది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి వేళ్ల మీద లెక్కపెట్టాను. మూడోసారి భయం వేసింది. లెక్క సరిపోయింది కనుక.

సృష్టి వారంలో దేవుడు దినాలకు అంకెలే పెట్టాడు. విశ్రాంతి దినానికి తప్ప దేనికీ పేరు పెట్టలేదు. ఇన్నేళ్లూ నేను దీన్ని చూడలేదు. నీవు పరిహాసానికే రాసి ఉంటావు, నిన్ను ఎరుగుదును. అయినా నిజం ఎవరి నోట వచ్చినా నిజమే.

కాబట్టి ప్రూఫులో వారాల పేర్లన్నీ కొట్టేశాను. మొదటి గడి నుంచి వరుసగా ఒకటవ దినము, రెండవ దినము అని ఏడు వరకు వేయి. గుడి బోర్డు మీద కూడా అలాగే రాశాను. నా ఫోను తెరవగానే ఆ పేర్లే వెలుగుతున్నాయి. దాన్ని ఆపి పెట్టెలో పెట్టాను. ఇకమీదట ఏదున్నా యాకోబు ఆటోలో ఉత్తరమే.

మీ అక్క ఒప్పుకోలేదు. “మా తమ్మునికి పని లేక గెలుకుతుండు, నువ్వు పని పెట్టుకొని గెలికిచ్చుకుంటున్నవ్” అంది.

ఆమె చూపు సంగతి. కుడి కన్నుకు వెలుగు తప్ప మనిషి ఆనడం లేదు. ఎడమది మసక. మొన్న పొయ్యి దగ్గర కొంగు అంటుకోబోయింది. బాలనర్సమ్మ గోడ మీద నుంచి చూసి చెంబెడు నీళ్లు కొట్టింది. అప్పటి నుంచి పొయ్యి నేనే ముట్టిస్తున్నాను. మన ఊరి నుంచి కంటి ఆపరేషన్ జాబితాలో మొత్తం పద్నాలుగు మంది. బస్సు కబురు ఇంకా రాలేదు.

గాబ్రియేలు

*

మెదక్
19 నవంబర్ 2024, మంగళవారం (నాకు పాపం అంటుకోదు, రాస్తాను)

బావా,

శెభాష్. చెప్పినట్టే వేశాను. రెండు వందల క్యాలెండర్లు, ఒక్క గ్రహం కూడా మిగలకుండా. మా ప్రెస్సు కుర్రాళ్లు “సేటూ, ఇది స్కూలు టైం టేబులా?” అని అడిగారు. “నోరు మూసుకొని ఎయ్యుండ్రి” అన్నాను.

అయితే నీ పని సగమే అయింది. ఎదురింటి యశోద టీచర్ని అడిగాను, ఆమె ఇంకా గట్టి సంగతి చెప్పింది. మనం మంగళుడన్నవాణ్ని రోమువాళ్లు మార్స్ అన్నారు. ఇంగ్లీషోళ్ల పెద్దలు ఆ రోజుకు తమ యుద్ధదేవుని పేరు పెట్టుకున్నారు, అదే ట్యూస్‌డే. మన గురువారం వాళ్లకు ఉరుముల దేవునిది. శుక్రవారం అక్కడా ఒక దేవతదే. సముద్రాలు దాటినా బోరు వంతు మారలేదు చూడు. కాబట్టి “సండే స్కూలు” అన్నా తప్పించుకోలేవు.

నెలల సంగతి కూడా విను. మార్చి ఆ మార్సుదే. జనవరి వాకిలి కాసే దేవునిదట. క్యాలెండర్లో ఇంకా తేదీలే మిగిలాయి. అవి కూడా ఎవరివైనా ఉంటే కనుక్కొని రాస్తాను.

అక్క మాట చదివి నవ్వాను గాని, కొంగు సంగతి చదివాక నవ్వు రాలేదు. ఆమెను పొయ్యి దగ్గరికి పోనివ్వకు. బస్సు రోజు చెప్తే చాలు, పొద్దున మొదటి బస్సుకే దిగుతాను. బ్రెడ్డు, అరటిపండ్లు, ఫ్లాస్కు, దుప్పటి అన్నీ సిద్ధం చేశాను.

మోసెస్

*

రాళ్లకుంట
5-12-2024, ఐదవ దినము

మోసెస్‌కు,

కబురు వచ్చింది. దవాఖాన వాళ్లు ఫోను కలవక గుడి చిరునామాకు కార్డు రాశారు. వచ్చే వారం నాలుగవ దినమున పొద్దున ఏడు గంటలకు బస్సు గుడి గేటు దగ్గరికి వస్తుంది. ముందు రోజు రాత్రి తేలికగా తినాలి, పొద్దున ఏమీ తినొద్దు. ఆధార్ కార్డు జిరాక్సు కావాలి. నీవు తప్పక రావాలి. ఆరాధనలో చెప్పడమే కాక, జాబితాలో ఉన్న ఇంటింటికీ తిరిగి చెబుతున్నాను. మన ఊళ్లో తేదీ ఎవరూ గుర్తుంచుకోరు, నీకు తెలిసిందే.

కొత్త పద్ధతి మెల్లగా అలవాటవుతున్నది. మొదట్లో కొంత తికమక. స్త్రీల కూటానికి సగం మంది ఒకనాడు, సగం మంది మరునాడు వచ్చారు. రెండు కూటాలూ జరిపించాను. దేవుని స్తుతి రెట్టింపయిందనుకున్నాను. ఆ కూటంలోని రెబెకా మాత్రం “ఉపదేశయ్యా, జర పాతదే ఉంచుండ్రి, పరేషాన్ అయితున్నం” అని వేడుకుంది. అలవాటవుతుందిలే అన్నాను.

మీ అక్క సంచి సర్దుకున్నది. రోజుకు రెండుసార్లు విప్పి తడిమి మళ్లీ సర్దుతున్నది. నీవు వస్తున్నావా అని అడుగుతున్నది. వస్తాడు అన్నాను.

గాబ్రియేలు

*

రాళ్లకుంట
11-12-2024, నాలుగవ దినము, సాయంత్రం

మోసెస్‌కు,

బస్సు పొద్దున ఏడుకు వచ్చింది. గేటు దగ్గర నేనూ, మీ అక్కా తప్ప ఎవరూ లేరు. నీవు కూడా లేవు.

డ్రైవరు నలభై నిమిషాలు ఆగాడు. నేను ఇంటింటికీ పరుగెత్తాను. మనుషులు పత్తి ఏరడానికి పోయారు. ముసలివాళ్లు గొంగళి కప్పుకొని చలిమంట దగ్గర కూర్చుని “రేపు గదా అయ్యా?” అన్నారు. బాలనర్సమ్మ అయితే పొద్దున్నే జొన్న గట్క తాగి కూర్చుంది. తిన్నవాళ్లను ఎక్కించుకోబోమని బస్సువాళ్లు అన్నారు.

నవోమినైనా ఎక్కమన్నాను. ఎక్కలేదు. గేటు చువ్వ పట్టుకుని నిలబడింది, వదల్లేదు. పదమూడు మంది నా మాట వల్ల ఊళ్లో ఉండిపోతే, తాను ఒక్కతే పోవడం ఆమెకు మనసొప్పలేదు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆమె అంత పెద్ద మనసు నేను ఈ రోజే చూశాను. బస్సు ఖాళీగా వెళ్లింది.

నీవు ఎందుకు రాలేదు? మీ అక్క కన్ను కూడా నీకు పరిహాసమేనా?

రేపు పొద్దున పట్నం పోయి దవాఖాన వాళ్ల కాళ్లు పట్టుకుంటాను. డాక్టరు పెట్టిన గడువు ఇంకా రెండు వారాలే ఉంది.

గాబ్రియేలు

*

మెదక్
12 డిసెంబర్ 2024, బేస్తవారం

బావా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నేను మీ ఊరికి వచ్చి పోయాక అందింది.

అవును, వచ్చాను. ఈ రోజు పొద్దున ఆరున్నరకే దిగాను, బ్రెడ్డూ అరటిపండ్లూ మోసుకొని. నువ్వు అప్పటికే పట్నం బస్సెక్కావట. గేటు ముందర పదమూడు మంది సంచులు పట్టుకుని, పొద్దున మంచినీళ్లు కూడా ముట్టకుండా, వరుసగా కూర్చున్నారు. నిన్న నువ్వు పరుగెత్తింది చూసినవాళ్లు కూడా, ‘అయ్యకు తొందర ఎక్కువ, బస్సు రేపే’ అనుకున్నారట.

“ఏం తమ్మీ, బస్సేది?” అంది బాలనర్సమ్మ.

“వస్తది. నాలుగో దినం ఇయ్యాల్నే గదా” అన్నాను.

“గందుకే గదా వచ్చినం. సోమారం ఒకటి, మంగళారం రెండు, బుధారం మూడు, బేస్తారం నాలుగు. కండ్లు కనవడకున్నా నాలుగు దాంక లెక్కవెట్టొస్తది నాకు.”

నా లెక్క కూడా అదే బావా. ప్రెస్సు షట్టరు సోమవారం లేపుతాను, నాకు వారం అక్కడే మొదలు. నీ ఉత్తరం పైనే ‘ఐదవ దినము’ అని ఉంది, ఆ రోజు బేస్తవారం. చూస్తే తెలిసేది. క్యాలెండర్ అచ్చేసింది నేనే, అందులో మొదటి గడి ఆదివారం. మిఠాయి చేసేవాడు మిఠాయి తినడు, నేను అచ్చేసింది చదవను.

అప్పుడు అక్క లోపలి నుంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. “బస్సు నిన్న వచ్చింది, పోయింది” అంది.

అందరూ సంచులు కింద పెట్టారు. బాలనర్సమ్మే ముందు లేచింది. “గట్లనా! మరి గుళ్లె నిలవడి బుధారం అంటే ఆయన నోరు వడిపోతుండెనా? గా అంకెలు ఎవడు నేర్పిండు ఆయనకు?”

అక్క నా వైపే తిరిగి నిలబడింది. ఆమెకు నా ముఖం ఆనదు, అయినా నేను తల దించుకున్నాను. “నేనే” అన్నాను. బాలనర్సమ్మ అన్నవి ఇక్కడ రాయను, ఉత్తరం ఆడవాళ్లు కూడా వింటారు.

“తినేటివి తెచ్చినవా?” అంది అక్క. తెచ్చానన్నాను. “అందరికి పంచు. పొద్దుటి సంది ఏం తినలే.” పంచాను. నాతో ఆమె అన్న మాటలు అవే రెండు. తర్వాత లోపలికి పోయి పడుకుంది.

రాకపోవడం పరిహాసం కాదు. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు.

మోసెస్

*

రాళ్లకుంట
13-12-2024

మోసెస్‌కు,

పట్నంలో వాళ్లు చేయగలిగింది ఏమీ లేదన్నారు. బస్సుల జాబితా మెదక్‌లోని వాళ్ల కేంద్రంలో మహేష్ అనే అబ్బాయి చూస్తాడట. ‘ఆ ఊరివాళ్లకు ఇష్టం లేదు’ అని అతడే రాసి పంపాడట. మళ్లీ వంతు ఫిబ్రవరిలోనే అన్నారు.

నీవు గ్రహాల గురించి రాసింది నిజమా అబద్ధమా అని అడగను. నిజమే అయి ఉంటుంది. నేను క్యాలెండరు ప్రూఫులో పేర్లు కొట్టేసి పంపిననాడు నీవు నవ్వావా? దానికి జవాబు రాయి.

గాబ్రియేలు

*

మెదక్
14 డిసెంబర్ 2024, శనివారం

బావా,

నవ్వాను. ప్రెస్సు మూసి, కడుపు పట్టుకుని నవ్వాను. నలుగురికి చెప్పి వాళ్లను కూడా నవ్వించాను. అక్క కొంగు సంగతి నువ్వు రాసిన కాగితంలోనే ఆ కొట్టివేతల సంగతి కూడా ఉంది. నేను నవ్వే సంగతే ముందు చదువుకున్నాను.

నిన్న సాయంత్రం మహేష్ దగ్గరికి పోయాను. వాడు నన్ను చూడగానే కుర్చీ వెనక్కి జరిపాడు.

“మోసెసన్నా, ఇది కొత్త కథనా?” అన్నాడు.

“కథ కాదురా. మా అక్క కన్ను.”

“పోయిన ఏప్రిల్ల నా పేరు మీద పెండ్లి కార్డు కొట్టిచ్చి మా బజారంత పంచినవ్. మా అమ్మ నిజమే అనుకొని రెండు రోజులు ఏడ్చింది, నాకు చెప్పకుంట చేసుకుంటుండని. నీ మాట మీద నేను బస్సు పంపాల్నా?”

ఆ కార్డు నాకు ఎంతో నచ్చిన పని బావా. మెదక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లమ్మ ఏడ్చిందని నాకు నిన్ననే తెలిసింది. వాళ్లింటికి పోయి ఆమెను క్షమాపణ అడిగి వచ్చాను. ఆమె చాయ్ ఇచ్చింది, చక్కెర వేయలేదు. తాగాను.

ఈ రోజు మహేషే పిలిచాడు. ఇంకో ఊళ్లో పెళ్లి ఉందట, అక్కడివాళ్లు తమ వంతు వదులుకున్నారు. 17వ తేదీ, మంగళవారం, పొద్దున ఎనిమిదిన్నరకు బస్సు. ఆపరేషన్ మరునాడు. షరతు ఏమిటంటే, సోమవారం సాయంత్రానికి కనీసం పది మంది సంతకాలో వేలిముద్రలో కావాలి. పది కంటే తగ్గితే బస్సు కదలదు, అక్కకూ లేదు. “నీ సంతకం నాకు అక్కరలేదు, ఉపదేశయ్యది కావాలె” అన్నాడు.

ఇక్కడే చిక్కు. జాబితాలో మన గుడివాళ్లు ఐదుగురే. మిగతా తొమ్మిది మంది బాలనర్సమ్మ మాట మీద నడిచేవాళ్లు. మంగళవారం నాడు వాళ్లు దవాఖానకు బయలుదేరరు, పత్తికి కూడా పోరు. అంకె చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు. పేరు చెబితే వాళ్లు రారు. పైగా ఆ పేరు నువ్వు పలకవు.

ఒక ఉపాయం ఉంది. పక్క కాగితంలో మంగళవారం పొద్దుటి వంతులు రాశాను. రఘుపతి సిద్ధాంతి చేతనే రాయించాను, నా లెక్క కాదు, కింద ఆయన సంతకం ఉంది. ఆరున్నర నుంచి కుజుడు. ఏడున్నర నుంచి సూర్యుడు. ఎనిమిదిన్నర నుంచి శుక్రుడు. బస్సు శుక్రుని వంతులో వస్తుంది, కత్తి పడేది బుధవారం నాడు. బాలనర్సమ్మకు ఇది చదివి వినిపించాలి. నేను వినిపిస్తే చెప్పు తీస్తుంది. నువ్వే చదవాలి.

గ్రహాల చిట్టీ నిన్ను చదవమనడం ఎంత మాటో నాకు తెలుసు. ఈసారి నవ్వడం లేదు.

మోసెస్

*

రాళ్లకుంట
16 డిసెంబర్ 2024, సోమవారం

మోసెస్‌కు,

పైన రాసిన పేరు చూశావు కదా. ముందు ఆ సంగతి చెబుతాను.

నిన్న ఆరాధన అయ్యాక పీఠం దిగి, జనం మధ్యలో నిలబడి చెప్పాను. “ఎల్లుండి, పదిహేడవ తేదీ, మంగళవారం, పొద్దున ఎనిమిదిన్నర.” మూడుసార్లు చెప్పాను. మూడోసారి పిల్లలు కూడా నాతో పలికారు. తప్పు నాదని కూడా చెప్పాను. రెబెకా “హమ్మయ్య” అంది, అందరికీ వినబడేలా.

మధ్యాహ్నం బాలనర్సమ్మ ఇంటికి పోయాను. అరుగు మీద ఎనిమిది మంది ఉన్నారు. మంగళవారం అనగానే ఆమె చెవులు మూసుకుంది.

“మంగళారం గడప దాటితే కన్ను గాదు, ప్రాణం వోతది అయ్యా.”

నీ కాగితం తీశాను. కుజుడు, సూర్యుడు, శుక్రుడు, గంటలతో సహా చదివాను. ఆమె శ్రద్ధగా వింది.

“ఇది నువ్వు చెప్తున్నవా, నీ బామ్మర్ది చెప్తుండా?”

“లెక్క సిద్ధాంతిది. తెప్పించింది మా బామ్మర్ది. చదివింది నేను.”

“అయితే శుక్రునిల బస్సెక్కుడు మంచిదే అంటవా?”

నోటి దాకా చాలా వచ్చాయి. “బస్సెక్కుడు మంచిది” అన్నాను.

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది, ఎంత కనబడిందో తెలియదు. “నువ్వు గివన్ని సదివినవంటే మా చెల్లె కన్ను మస్తు కరాబై ఉంటది” అని వేలు చాపింది. ఆమె ముద్ర పడ్డాక మిగతావాళ్లవి పడ్డాయి. పద్నాలుగు మందీ వస్తున్నారు. కాగితం యాకోబు చేతికి ఇచ్చాను, నేరుగా మహేష్‌కు ఇవ్వమన్నాను.

రాత్రి ఒక సంగతి తట్టింది. బాలనర్సమ్మను ముప్పై ఏళ్లుగా ఆ పేరుతోనే పిలుస్తున్నాను. నరసింహస్వామికి మొక్కినట్టు నాకు ఎన్నడూ అనిపించలేదు, ఆమె పలికింది, అంతే. ఈ మాట నెల కింద తట్టి ఉంటే బాగుండేది.

నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో చెప్పలేను. రేపు పొద్దున మాత్రం రా.

గాబ్రియేలు

*

రాళ్లకుంట
11 జనవరి 2025, శనివారం

తమ్మీ,

నేను నవోమక్కను. నా చేతితోనే రాస్తున్నాను. కళ్లజోడు ఇంకా రాలేదు, అందుకే అక్షరాలు ఇంత లావు. మూడు వరుసలు రాసి కన్ను మూసి, మళ్లీ రాస్తున్నాను.

కుడి కన్ను బాగుంది. చుక్కలు ఆపేయొచ్చని నిన్న డాక్టరు చెప్పాడు. బాలనర్సమ్మ మనుమరాలి తల దువ్వి పేలు తీస్తున్నది. నేను వంటిల్లు కడుక్కున్నాను. మీ బావ రెండు నెలలు వండిన వంటిల్లు ఎట్లుంటుందో నువ్వు ఊహించుకో. మనిషి కూడా బాగా ముసలివాడైపోయాడు. నాకు ఎవరూ చెప్పలేదు.

నిన్న ఇద్దరి ఉత్తరాలు తీసి చదివాను. నువ్వు రాసినవి పెట్టెలో ఉన్నాయి. మీ బావ రాసినవాటికి మొదట చిత్తు రాసుకుంటాడు, అవి కూడా దాచాడు. ఇన్నాళ్లు ఆయన చదివి వినిపిస్తే విన్నాను. సగం ఎగ్గొట్టి చదివాడని ఇప్పుడు తెలిసింది. నువ్వు నవ్వానని రాసింది ఎగ్గొట్టాడు. నన్ను మెచ్చుకుంటూ ఆయన రాసింది కూడా ఎగ్గొట్టాడు.

ఆ రెండోదే తప్పు, అది దిద్దడానికి రాస్తున్నాను. బుధవారం బస్సు వచ్చిననాడు, అందరిని వదిలి పోవడానికి మనసొప్పక నేను ఎక్కలేదని మీ బావ రాశాడు. గుడిలో కూడా చెప్పాడట. ఊరంతా నన్ను దేవతను చేసి కూర్చోబెట్టారు. రెబెకా నా కాళ్లు మొక్కింది.

నాకు వాళ్లెవరూ గుర్తు లేరు తమ్మీ. భయమయింది. కన్నులో కత్తి పెడతారంటే నెల రోజుల నుంచి నిద్ర లేదు. తమ్ముడు వస్తాడు, చెయ్యి పట్టుకుంటాడు, ఏదో ఒక పిచ్చి మాట చెప్పి నవ్విస్తాడు, ఆ నవ్వులో బస్సెక్కుతాను అనుకున్నాను. డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా రోడ్డు వైపు చెవి పెట్టాను. నువ్వు రాలేదు. నా కాలు లేవలేదు. నువ్వు ఉంటే, ఊళ్లో ఒక్కరు రాకున్నా నేను ఎక్కేదాన్ని.

మీ బావకు చెప్పాను. గుడిలో మళ్లీ చెప్పమంటావా అని అడిగాడు. వద్దు, ఆదివారం వాళ్లకు చెప్పడానికి వేరేవి ఉంటాయి అన్నాను.

17వ తేదీ నువ్వు బస్సులో పట్నం దాకా ఒక్క పరాచికం ఆడలేదు. చెయ్యి మాత్రం పట్టుకున్నావు. నువ్వు ఊరుకుంటే నాకు ఇంకా భయమయింది. కత్తి కంటే నీ మౌనానికే ఎక్కువ భయపడ్డాను.

ఎడమ కన్నుకు ఫిబ్రవరి 4, మంగళవారం. బస్సు ఏడు గంటలకు. సోమవారం సాయంత్రమే వచ్చి మా ఇంట్లో పడుకో. దారిలో నవ్వడానికి ఏదన్న పట్టుకొని రా.

నీ అక్క,
నవోమి